గోడ ఊఁ కొట్టింది

పనివాళ్ళందరూ ఆయన్ని చెవి మేస్త్రి అని పిలిచేవారు. వడ్రంగిపనిలో పేరు రావాలంటే చెయ్యి బాగుండాలి, కన్ను బాగుండాలి. ఈయనకి మాత్రం పేరు తెచ్చింది చెవి. చెక్కని వేలి కణుపుతో ఒక్కసారి తట్టి, లోపల పుచ్చుందో లేదో చెప్పేసేవాడు. గోడని తట్టి, పైపలక వెనకాల ఎక్కడ గట్టిదనం ఉందో, ఎక్కడ వట్టి గాలి ఉందో పెన్సిలుతో గీత గీసేవాడు. ఆ గీత మీద బిగించింది ఏదీ ఊడి రాలేదు. "ఆయనకేం, గోడలే ఆయనతో మాట్లాడతాయి" అని తోటి పనివాళ్ళు అనుకునేవారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా వినిపించుకోనట్టు ఉంటూ లోపల్లోపల పొంగిపోయేవాడు.

అరవై దాటి రెండేళ్ళయినా పని మానలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు రంపం మిషనుకి ఎడమపక్కన నిలబడి చెక్క కోశాడు. చెవులకి పెట్టుకునే డొప్పలు యజమాని ఇస్తే, వాటిని మేకుకి తగిలించి ఉంచాడు. చెవి మూసుకుంటే పని ఎలా తెలుస్తుంది అనేవాడు.

ఆయన భార్యకి ఏడాదిగా ఒక అలవాటు వచ్చింది. ఎవరేమన్నా ఆ మాట పట్టుకుని మళ్ళీ ఒకసారి గట్టిగా అనేది. కొట్టతను "సామాను రేపు పంపిస్తానండీ" అంటే, "చూశారా, రేపు పంపిస్తాడట, ఇవాళ ఏం పెట్టుకుని వండాలో" అనేది. పక్కింటావిడ "మా అత్తగారికి జ్వరం తగ్గింది" అంటే, "జ్వరం తగ్గిందట, పోన్లెండి, పెద్దావిడ తేరుకుంది" అనేది. మేస్త్రికి ఇది చాదస్తంగా తోచేది. పెళ్ళయిన కొత్తలో నోట్లో నాలుక లేనట్టుండే మనిషి, ఇప్పుడు ఊళ్ళోవాళ్ళ మాటలన్నీ రెండేసిసార్లు అంటోంది. వయసు మీదపడితే ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ముదురుతుందిలే అని సర్దుకుపోయేవాడు. తనకి ముదిరిందేమిటో మాత్రం ఆలోచించలేదు.

ఒక శుక్రవారం సాయంత్రం కూతురు ఫోన్ చేసింది. ఆమె బడిలో పంతులమ్మ. అల్లుడు బస్సు డ్రైవరు. ఇరవై నిమిషాల నడక దూరంలో మూడో అంతస్తులో కొత్తగా ఒక వాటా అద్దెకి తీసుకున్నారు. ఫోను తల్లి తీసింది. అవతలి మాటలు విని, అలవాటు ప్రకారం అంతా మళ్ళీ చెప్పింది.

"అలమర ఊగిందట. మన ఉడత కింది అరలో పుస్తకాలు లాగేసి, అందులో కాళ్ళు పెట్టి, పై అర పట్టుకుని వేలాడిందట. అలమర జానెడు ముందుకి వాలిందట. అమ్మాయి పక్కనే ఉంది కాబట్టి వెనక్కి తోసి పట్టుకుందట."

ఉడత అంటే మనవరాలు. రెండేళ్ళ మూడు నెలల పిల్ల. దానికి కుర్చీ, బల్ల, మంచం, మనిషి, అన్నీ ఎక్కడానికే. అలమర మీద నీలంరంగు భూగోళం బొమ్మ ఒకటి పెట్టి ఉంది. దాని కళ్ళన్నీ ఆ భూగోళం మీదే.

ఆ అలమర మేస్త్రి చేతిదే. కూతురికి బడిలో ఉద్యోగం వచ్చిన రోజు మొదలుపెట్టి నెల్లాళ్ళు చేశాడు. ఆరున్నర అడుగుల ఎత్తు, ఆరు అరలు, వెనకంతా నిండు చెక్క. పాత ఇంట్లో అది గోడలో ఉన్న లోతైన గూటిలో ఇమిడిపోయి కూర్చునేది. ముందుకి రమ్మన్నా వచ్చేది కాదు. కొత్త ఇంట్లో గూడు లేదు. నున్నటి గోడకి ఆనుకుని, ఎవరి ఆసరా లేకుండా నిలబడింది.

"ఆదివారం వస్తానని చెప్పు. రెండు పట్టీలు బిగిస్తే సరి" అన్నాడు మేస్త్రి.

ఆదివారం పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని బయల్దేరాడు. భార్య కూడా వెంట వచ్చింది.

ఆ గోడ ఇటుక గోడ కాదు. హాలుకీ పడకగదికీ నడుమ అడ్డంగా కట్టిన పలచటి గోడ. నిలువు చెక్కలు వరసగా నిలబెట్టి, రెండువైపులా తెల్లటి సున్నపు పలకలు బిగించి, పైన రంగు వేస్తారు. నిలువు చెక్క ఉన్నచోట స్క్రూ దింపితే మనిషి వేలాడినా ఊడదు. చెక్క లేనిచోట దింపితే అది వేలెడు మందం కూడా లేని పలకని మాత్రం పట్టుకుని ఉంటుంది. వట్టి పలకకి వేసే రెక్కల స్క్రూలు వేరే ఉన్నాయి గాని, పిల్లలు ఎక్కే అలమరకి మేస్త్రి వాటిని నమ్మడు.

"నాన్నా, గోడలో చెక్క ఎక్కడుందో చెప్పే మిషనేదో ఉందట. ఆయన తెప్పిస్తానన్నారు" అంది కూతురు.

"మిషను తెప్పిస్తానన్నాడట మీ అల్లుడు. లైటు వెలిగి చెబుతుందట" అంది భార్య.

"ఈ చెవి ఉండగా మిషనెందుకు?" అని మేస్త్రి నవ్వి గోడ దగ్గర నిలబడ్డాడు.

వేలి కణుపుతో తట్టాడు. ఇంకొంచెం పక్కకి జరిగి తట్టాడు. మళ్ళీ జరిగాడు. అన్నిచోట్లా ఒకే చప్పుడు. పత్తిమూట మీద తట్టినట్టుంది. ఈ కొత్త గోడలింతే, అన్నిటిదీ ఒకటే గొంతు అనుకున్నాడు. ఈ మాట ఈ ఏడాదిలో చాలాసార్లు అనుకున్నాడు. వెనకాల భార్య, కూతురు అన్నవన్నీ తిరగేసి చెబుతూనే ఉంది. అలమరలో ఎన్ని పుస్తకాలున్నాయో, ఉడత ఎన్ని సార్లు ఎక్కిందో, భూగోళం బొమ్మ ఎవరిచ్చారో.

"నువ్వు కాసేపు వంటింట్లోకి వెళ్ళవే. గోడ మాట వినపడనివ్వడం లేదు" అన్నాడు.

ఆమె ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. ఏదో అనబోయి, ఊరుకుని, పిల్లని చంకనేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇల్లు నిశ్శబ్దమైంది. మేస్త్రి మళ్ళీ తట్టాడు. కూతురు గుమ్మంలో నిలబడి ఏదో చెబుతోంది. పెదవులు కదలడం కనిపించింది. గోడకేసి చేత్తో చూపించింది కూడా.

"ఊఁ" అన్నాడు మేస్త్రి.

ఎవరు ఏమన్నా ఊఁ కొట్టడం ఆయనకి ఈమధ్య బాగా అలవాటైంది. ఊఁ కొడితే ఎదుటి మనిషి సంతోషిస్తాడు, మాట ముగుస్తుంది, పని సాగుతుంది. కూతురు కూడా ఊఁ విని తృప్తిగా తల ఆడించి వెళ్ళిపోయింది.

అలమర నడిమధ్య ఒకచోట చప్పుడు కాస్త గట్టిగా ఉందనిపించింది. ఉందనిపించిందో, ఉండాలనిపించిందో. అక్కడ గీత గీశాడు. దానికి జానెడున్నర దూరంలో ఇంకో గీత. డ్రిల్లు మిషను పెట్టగానే మొన సులువుగా దిగిపోయింది. కొంచెం సులువుగానే దిగింది. తెల్లటి పొడి చెయ్యి నిండా రాలింది. పట్టీలు రెండూ అలమర పై అంచుకి బిగించి, గోడలోకి స్క్రూలు తిప్పాడు. చివరి చుట్టుకి చేతికి కాస్త పట్టు తగిలింది. అలమరని రెండు చేతులతో లాగి చూశాడు. రాలేదు.

"ఇక ఏనుగు ఎక్కినా కదలదు" అన్నాడు.

కూతురి మొహం తేటపడింది. రెండు రోజులుగా పిల్లని ఆ పడకగదిలోకి రానివ్వకుండా తలుపు మూసి పెట్టింది పాపం. ఇప్పుడు తలుపు తెరిచి, పిల్ల ఆటచాపని తెచ్చి ఆ అలమర ముందే పరిచింది. అక్కడ కిటికీ లోంచి ఎండ బాగా పడుతుంది. చాప మీద బొమ్మలన్నీ పోసింది. "తాతయ్య కట్టేశాడే ఉడతా. ఇక నీ ఇష్టం" అంది.

సోమవారం పొద్దున్న మేస్త్రి స్నానం చేసి దేవుడి పటం ముందు నిలబడ్డాడు. ఆయన ప్రార్థన ఎప్పుడూ ఒకటే మాట: అందరినీ చల్లగా చూడు. అంతకంటే ఎక్కువ అడగడానికి మొహమాటం. దండం పెట్టుకున్నాక రోజూ పనిముట్లు తుడుచుకోవడం ఆయన పద్ధతి. సంచీలోంచి డ్రిల్లు మిషను తీసి, మొన ఊడదీసి గుడ్డతో తుడవబోయాడు.

చెయ్యి ఆగిపోయింది.

మొన మెలికల్లో తెల్లటి పొడి గడ్డకట్టుకుని ఉంది. అడుగు నుంచి కొస దాకా తెలుపే. చెక్కలోకి దిగిన మొనకి సన్నటి గోధుమరంగు పీచు చుట్టుకుని వస్తుంది. ఎంత దులిపినా మెలికలో ఒక పోగైనా మిగులుతుంది. దీనికి ఒక్క పోగు లేదు.

నిన్న అరచేతిలో రాలిన పొడి గుర్తుకొచ్చింది. అదీ తెలుపే. నిన్న తన కళ్ళు చూశాయి. చూసిన సంగతి మనసుకి చెప్పనివ్వలేదు.

మేస్త్రి మంచం మీద కూర్చుండిపోయాడు. చల్లగా చూడమని ఇప్పుడే అడిగి వచ్చాను. చూస్తాడు, ఆయన పని ఆయన చేస్తాడు, ఇన్నాళ్ళూ చేశాడు. కాని కాపాడమని అప్పగించినప్పుడు చేతిలో ఏదో ఒకటి పెట్టాలి కదా. నేనేం పెట్టాను? గాలిలో బిగించిన రెండు స్క్రూలు. చెయ్యగలిగినంతా చేసి ఆయనకి వదిలితే అది నమ్మకం. చెయ్యవలసింది చెయ్యకుండా ఆయన మీద వదిలితే దాన్ని ఏమంటారు? దేవుడి మీద పెత్తనం అంటారేమో.

అంతకంటే ఇంకో సంగతి ముల్లులా గుచ్చుకుంది. అలమరని కట్టకముందు పిల్ల తలుపు అవతల భద్రంగా ఉంది. తాను కట్టానని చెప్పాకే పిల్లని తెచ్చి అలమర కింద కూర్చోబెట్టారు.

భార్య చెప్పులు వేసుకుంటోంది. కూతురు బడికి వెళ్ళేముందు పిల్లని చూసుకోవడానికి ఆమె రోజూ ఈ వేళకి వెళుతుంది.

"నేనూ వస్తాను" అన్నాడు మేస్త్రి, సంచీ భుజాన వేసుకుంటూ.

"పనికి వెళ్ళరా?"

"ఇది పనే."

వీధిలో పడ్డారు. ఆయన నడక పరుగులా ఉంది. ఆమె వెనకబడకుండా వస్తోంది. బేకరీ దాటారు, బడి గోడ దాటారు. పాత సైకిళ్ళ కొట్టు దగ్గర ఆయన ఒక్కసారి ఆగి, ఆమె వైపు చూడకుండా అన్నాడు.

"నిన్న గోడ నాకేం చెప్పలేదే. చెప్పిందని నేనే అనుకున్నాను. స్క్రూలు రెండూ వట్టి పలకలో ఉన్నాయి."

ఆమె కూడా ఆగింది.

"నాకు వినపడటం లేదు" అన్నాడు. ఆ మూడు మాటలు నోటినుంచి రావడానికి ముప్పై ఎనిమిదేళ్ళు అడ్డుపడ్డాయి.

"తెలుసండీ" అంది ఆమె. "ముందు నడవండి. నడుస్తూ మాట్లాడుకుందాం."

నడిచారు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"పోయిన ఏడాది నేను స్నానానికి వెళ్ళినప్పుడు ఉత్తరాలతను తలుపు బాది బాది వెళ్ళిపోయాడు. వచ్చి చూస్తే మీరు తలుపు పక్కనే కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నారు. అప్పట్నుంచి."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే వింటారా?"

అన్నాక, అన్నమాట ఏమిటో ఆమెకే తట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేస్త్రి కూడా నవ్వకుండా ఉండలేకపోయాడు. నవ్వుతూనే ఏదో తట్టి ఆగిపోయాడు.

"అయితే నువ్వు అందరి మాటలూ మళ్ళీ మళ్ళీ అనడం..."

"చాదస్తం అనుకున్నారు కదూ?"

"అనుకున్నాను."

"అనుకుంటే అనుకోనీ అనే అన్నాను. నాకు చాదస్తం పట్టిందంటే పోయేదేముంది, నేనేమన్నా మేస్త్రినా? మీకు నామోషీ రాకూడదని." కాస్త దూరం నడిచి, గొంతు తగ్గించకుండానే అంది: "నిన్న వంటింట్లోకి పొమ్మన్నారు, పోయాను. పోకుండా ఉండాల్సింది. ఆ తప్పు నాది."

మేస్త్రి ఆమె వైపు చూశాడు. ఆమె తనకి ఎడమపక్కన నడుస్తోంది. ఎప్పుడూ కుడిపక్కన నడిచే మనిషి. ఎడమ చెవి కాస్త నయమని తనకే ఈమధ్య తెలిసింది. ఈమె ఎప్పుడు పక్క మార్చిందో తనకి తెలియనే లేదు.

మూడు అంతస్తులూ ఆగకుండా ఎక్కారు. కూతురు తలుపు తీసి, సంచీతో ఉన్న తండ్రిని చూసి ఆశ్చర్యపోయింది.

"పిల్లేది?" అన్నాడు మేస్త్రి.

"ఆడుకుంటోంది నాన్నా, ఏమైంది?"

ఉడత అలమర ముందు చాప మీద కూర్చుని ఉంది. ఒక కాలు కింది అరలో ఉంది. తాతని చూసి చెయ్యి చాపింది. బుల్లి అరచేతి నిండా తెల్లటి పొడి.

"పిండి" అంది సంతోషంగా.

చాప మీద, పుస్తకాల మీద, పిల్ల జుట్టు మీద సన్నగా తెల్లపొడి రాలి ఉంది. మేస్త్రి తలెత్తి చూశాడు. అలమర పై అంచుకీ గోడకీ మధ్య వేలు దూరేంత సందు. స్క్రూ చుట్టూ పలక నెర్రెలిచ్చింది.

ఆయన రెండు అంగల్లో వెళ్ళి అలమరకి వీపు ఆనించి నిలబడ్డాడు. భార్య పిల్లని ఎత్తుకుంది. ఎవరూ అరవలేదు. ఉడతకి మాత్రం పిండి పోయిందని కోపం వచ్చింది.

అలమర బరువు వీపుకి తెలుస్తోంది. అలాగే నిలబడి కూతురితో చెప్పాడు. "అమ్మా, నిన్న నేను కట్టింది కట్టడం కాదు. గోడ తడితే నాకు వినపడటం లేదు. వినపడలేదని చెప్పుకోలేక గీత గీశాను."

కూతురు తండ్రికేసి అలాగే చూసింది. "కాని నాన్నా, నేను నిన్న చెప్పాను కదా. ఆ నడిమధ్య పట్టు లేదట, ఇంతకుముందున్న వాళ్ళ అద్దం అక్కడే ఊడిపడిందని ఇంటాయన చెప్పాడని. నువ్వు ఊఁ అన్నావు."

"అన్నాను" అన్నాడు మేస్త్రి. "వినకుండా అన్నాను."

కూతురికి కోపం వచ్చి ఉంటుంది, రాకపోతే తప్పు. బిడ్డ తల మీద ఉన్న పొడిని వేళ్ళతో దులుపుతూ ఉండిపోయింది. తర్వాత ఫోన్ తీసి, బడికి ఒక పూట ఆలస్యంగా వస్తానని చెప్పింది. ఫోన్ పెట్టేసి జుట్టు ముడేసుకుంది.

"ముందు పుస్తకాలు దించుదామా?" అంది. తండ్రి ఎడమ పక్కకి వచ్చి అంది. ఎలా తెలిసిందో మరి.

అలమర ఖాళీ చేశారు. వట్టి అలమరని పక్కకి జరిపారు. గోడ మీద పనికిరాని రెండు చిల్లులు పాముకళ్ళలా బయటపడ్డాయి. మేస్త్రి వాటికేసి చూసి తల దించుకోలేదు. సంచీలోంచి పెన్సిలు తీసి భార్య చేతికిచ్చాడు.

"నేను తడతాను. నువ్వు విను. లోపల ఖాళీగా ఉంటే బోలు అను. నిండుగా ఉంటే గట్టి అను."

"నాకేం తెలుస్తుందండీ? నేనేమన్నా మేస్త్రినా?"

"ఏడాదిగా నువ్వేగా నా చెవి. గోడ దగ్గర మాత్రం బెట్టు చెయ్యకు."

ఆమె పెన్సిలు చెవి వెనక పెట్టుకుని, అచ్చం పనివాళ్ళలాగే, గోడకి చెంప ఆనించింది. మేస్త్రి తలుపు చట్రం దగ్గర మొదలుపెట్టాడు. చట్రం పక్కన నిలువు చెక్క ఎప్పుడూ ఉంటుంది, అక్కడ మోసం ఉండదు.

"ఇది గట్టి. ఈ చప్పుడు గుర్తుపెట్టుకో" అన్నాడు.

"ఊఁ."

పక్కకి జరిగి తట్టాడు.

"ఇది వేరేగా ఉంది."

"ఎలా ఉంది?"

ఆమె ఆలోచించింది. మళ్ళీ తట్టమంది. ఇంకోసారి తట్టమంది. తర్వాత మొహం వెలిగింది.

"ఇది మీరు వినకుండా కొట్టే ఊఁ లాగా ఉందండీ. పైపైన. ఇందాకటిది విని కొట్టే ఊఁ."

కూతురు పుస్తకాల దొంతర మీద కూలబడి నవ్వింది. ఆ పొద్దున్న ఆమె నవ్వడం అదే మొదలు. మేస్త్రికి మొహం ఎర్రబడింది గాని, ముప్పై ఎనిమిదేళ్ళలో గోడ గురించి ఇంత సరిగ్గా చెప్పినవాళ్ళు ఎవరూ లేరని ఒప్పుకోవాల్సి వచ్చింది.

"అయితే అలాగే చెప్పు" అన్నాడు.

ఆయన తడుతూ జరుగుతున్నాడు. ఆమె చెంప ఆనించి జరుగుతోంది. మధ్యలో ఉడత కూడా తన చెంప గోడకి ఆనించింది.

"వినని ఊఁ... వినని ఊఁ... ఇదీ అంతే... ఆగండి. ఇక్కడ. ఇంకోసారి. విన్న ఊఁ."

ఆమె గీత గీసింది. మేస్త్రి టేపు పట్టి చూశాడు. తలుపు చట్రం నుంచి సరిగ్గా పదహారు అంగుళాలు. ఇంకో పదహారుకి మళ్ళీ తట్టాడు. గోడ మళ్ళీ విని ఊఁ కొట్టింది. మధ్యలో పాతవాళ్ళ అద్దం పడిపోయిన చోటా, తాను నిన్న గీసిన గీతల దగ్గరా వట్టి గాలే.

"అమ్మ చెప్పింది కదా, ఇక కానీ నాన్నా" అంది కూతురు.

"ఉండు. నిన్న నా చెవిని నమ్మి చెడ్డాను. ఇవాళ మీ అమ్మ చెవిని నమ్ముతాను, కాని చూసే నమ్ముతాను." వంటింట్లో ఫ్రిజ్‌కి అంటించిన అయస్కాంతం బొమ్మ తెమ్మన్నాడు. గీత మీద పైకీ కిందకీ జరిపితే, పలకని చెక్కకి బిగించిన మేకు తల దగ్గర అది టక్కున అతుక్కుంది. తర్వాత సన్నటి మేకు ఒకటి గీత మీద కొట్టాడు. పలక దాటాక అది ఆగింది. చేతికి తెలిసింది, అది చెక్క. చేతులు ఇంకా చెవిటివి కాలేదు.

డ్రిల్లు పెట్టాడు. ముందు తెల్లపొడి రాలింది. తర్వాత చిన్నగా, మెలికలు తిరుగుతూ, గోధుమరంగు పీచు వచ్చింది. మేస్త్రి మిషను ఆపి, ఆ పీచుని వేళ్ళతో తీసి, అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. బంగారం దొరికినవాడు కూడా అలా చూడడేమో.

"పిండి?" అంది ఉడత అనుమానంగా.

"కాదు తల్లీ. ఇది అసలు సరుకు."

అలమరని జానెడు తలుపు వైపు జరిపి, రెండు నిలువులకీ ఎదురుగా నిలబెట్టారు. పట్టీలు బిగించాడు. పొడుగు స్క్రూలు చెక్కలోకి దిగుతుంటే మణికట్టుకి బరువు తెలిసింది. చివరి చుట్లు పళ్ళు బిగించి తిప్పాల్సి వచ్చింది. ముందు కాళ్ళ కింద సన్నటి చెక్కముక్కలు దూర్చి అలమర వెనక్కి ఆనేట్టు చేశాడు. రసమట్టం పెట్టి చూస్తే బుడగ నడిమధ్య నిలిచింది. బరువైన పుస్తకాలన్నీ కిందికి, తేలికవి పైకి సర్దించాడు. భూగోళం బొమ్మని తీసి కూతురి చేతికిచ్చాడు.

"ఇది పైన ఉంటే అది ఎక్కుతుంది. కింద పెట్టు. ప్రపంచం కిందే ఉంటే ఎవరూ ఎక్కరు."

భూగోళం చాప మీదకి రాగానే ఉడత దాన్ని కావలించుకుని పడుకుంది.

మేస్త్రి అలమరని లాగి చూశాడు. తర్వాత భార్యని లాగమన్నాడు. కూతుర్ని లాగమన్నాడు. ముగ్గురూ కలిసి లాగారు. పుస్తకం కూడా కదల్లేదు.

"ఇప్పుడు ఏనుగు ఎక్కినా కదలదా?" అంది కూతురు. వేళాకోళమే గాని, అడుగున నిజంగానే అడుగుతోంది.

"ఏనుగు సంగతి నాకు తెలీదమ్మా. ఉడత వేలాడితే పడదు. అయినా ఎక్కనివ్వకు. రెండు నెలలకోసారి నేను వచ్చి స్క్రూలు చూస్తాను." కాస్త ఆగి అన్నాడు: "మీ అమ్మని కూడా తీసుకొస్తాను. తట్టి చూడాలిగా."

"చెవి డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళమ్మా" అంది కూతురు తల్లితో.

ఆమె అలవాటు ప్రకారం నోరు తెరిచింది. "చెవి డాక్టరు దగ్గరికి..."

"విన్నాను" అన్నాడు మేస్త్రి. "ఈ గురువారం వెళదాం."

భార్య ఆయన మొహంకేసి పరీక్షగా చూసింది. ఇది ఏ ఊఁ అన్నట్టు.

కూతురు బడికి వెళ్ళిపోయింది. మేస్త్రి పాత చిల్లులు రెండూ సున్నంతో పూడ్చి, చేతులు కడుక్కుని వచ్చి చాప మీద చతికిలబడ్డాడు. ఎండ అలమర మీదా, చాప మీదా పడుతోంది. ఆయన మనసులో దేవుడికి మరోసారి చెప్పుకున్నాడు. పొద్దున్నలాగే ఒకటే మాట. కాని ఈసారి అడుగుతున్నప్పుడు అంత మొహమాటంగా లేదు.

ఉడత వచ్చి ఆయన ఒళ్ళోకెక్కింది. ఒళ్ళోంచి భుజం మీదకి ఎక్కింది. కుడి చెవి పట్టుకుని, నోరు దగ్గర పెట్టి, ఏదో రహస్యం చెప్పింది. వెచ్చటి ఊపిరి తగిలింది గాని మాట తెలియలేదు. మేస్త్రి గొంతులోకి ఊఁ దానంతట అదే వచ్చేసింది. ఎదురుగా కూర్చున్న భార్య, పిల్ల చెప్పింది తాను మళ్ళీ చెప్పడానికి సిద్ధపడి, ఆయన్ని చూసి ఆగింది.

మేస్త్రి ఊఁ మింగేశాడు. పిల్లని ఎడమ భుజం మీదకి మార్చుకున్నాడు.

"తాతకి వినపడలేదు తల్లీ" అన్నాడు. "మళ్ళీ చెప్పు."